హ్వే సిటీలో ఒక్క రోజు గైడెడ్ టూర్: వెళ్ళేముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

వియత్నాం వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు, అమ్మ వాళ్ళ అపార్ట్‌మెంట్ ఆంటీలు అందరూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుంది అనిపించింది. నేను హ్వే రెండుసార్లు చూశాను, మొదటిసారి అమ్మని తీసుకుని గ్రూప్ టూర్‌లో, రెండోసారి మా ఆయనతో ప్రైవేట్ గైడ్‌ని పెట్టుకుని. రెండు అనుభవాలకీ చాలా తేడా ఉంది కాబట్టి ఆ తేడా కూడా చెప్తాను.

అసలు హ్వే ఎక్కడుంది? పేరు ఎలా పలకాలి?

వియత్నాం నడుమ భాగంలో, డనాంగ్‌కి ఉత్తరాన ఓ వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మన ట్రావెల్ ఏజెంట్లు "హ్యూ" అంటారు, అక్కడ వాళ్ళు "హ్వే" అంటారు, మీరు హ్వే అనగానే గైడ్ మొహం వెలిగిపోతుంది. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ వంశం రాజులు 13 మంది ఇక్కణ్ణుంచే పాలించారు, అంటే వియత్నాం రాజుల చివరి రాజధాని ఇదే అన్నమాట. 1993లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆ దేశంలో మొట్టమొదట ఆ గుర్తింపు దక్కింది దీనికే.

డనాంగ్‌లో ఉంటున్నాం, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చా?

రావొచ్చు, చాలామంది అలాగే చేస్తారు, హైవాన్ టన్నెల్ గుండా వెళ్తే కారులో రెండు గంటలు. కానీ వెళ్ళడానికి రెండు, రావడానికి రెండు పోతే ఊరు చూసే టైం ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. అమ్మతో వెళ్ళినప్పుడు మేం అదే తప్పు చేశాం, కోటలో గంటన్నర కూడా నిలబడనివ్వలేదు, రాజుల సమాధుల్లో మూడోదాని దగ్గరికి వచ్చేసరికి అమ్మ బస్సు దిగనంది. ఒక్క రాత్రి హ్వేలో ఉండండి. ముందురోజు మధ్యాహ్నం రైల్లో వెళ్ళండి, డనాంగ్ నుంచి హ్వేకి వెళ్ళే రైలు రెండున్నర, మూడు గంటలు పడుతుంది గానీ హైవాన్ కొండ అంచున ఒక పక్క అడవి, ఇంకో పక్క కింద సముద్రం కనిపిస్తూ ఉంటే ఆ టైం తెలీదు. డనాంగ్ నుంచి వెళ్ళేటప్పుడు కుడిచేతి వైపు కిటికీ సీటు అడగండి. హైవాన్ అంటే వాళ్ళ భాషలో సముద్రం, మేఘం అని అర్థం, మేం వెళ్ళినరోజు నిజంగానే మేఘం కిందికి దిగి ఉంది.

గైడ్ అవసరమా? ఫోన్లో చూసుకుంటూ మనమే తిరిగేయలేమా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, దీనికి కాస్త పెద్ద సమాధానమే చెప్పాలి.

హ్వే కోట గోడ చుట్టుకొలత దాదాపు పది కిలోమీటర్లు. గియాలాంగ్ రాజు కాలంలో 1805 ప్రాంతంలో మొదలుపెట్టి ఆయన కొడుకు మిన్ మాంగ్ కాలంలో పూర్తి చేశారు. బయటి కోట, దాని లోపల రాజనగరం, దాని లోపల రాజకుటుంబం మాత్రమే ఉండే నిషిద్ధ నగరం, ఇలా మూడు పొరలు. మీరు న్గోమోన్ ద్వారం దాటి, సింహాసనం ఉన్న థాయ్ హోవా ప్రాసాదం దాటి లోపలికి వెళ్తే చాలాచోట్ల ఏం కనిపిస్తుందో తెలుసా, గడ్డి. పెద్ద పెద్ద ఖాళీ స్థలాలు, రాతి అరుగులు, మెట్లు ఉంటాయి కానీ మెట్లెక్కితే పైన ఏమీ ఉండదు. 1885లో ఫ్రెంచి సైన్యం దోచుకుంది, 1947లో ఫ్రెంచి వాళ్ళతో యుద్ధంలో కాలిపోయింది, వియత్నాం యుద్ధంలో 1968లో టెట్ అనే వాళ్ళ కొత్త సంవత్సరం పండగప్పుడు మొదలైన పోరు దాదాపు నెలరోజులు ఈ వీధుల్లోనే, ఈ గోడల మీదే జరిగింది.

మొదటిసారి నాకు ఇదేమీ తెలీదు, "ఇంత దూరం వచ్చి గడ్డి చూస్తున్నామేంటి" అనుకుంటూ నడిచేశాను. రెండోసారి గైడ్ అమ్మాయి ఒక అరుగు మీద మమ్మల్ని నిలబెట్టి, మడిచిన గొడుగుతో గాల్లో గీతలు గీస్తూ, ఇక్కడ స్తంభాలు, ఇక్కడ రాజు కూర్చునే చోటు, ఇది కాన్ చాన్ ప్రాసాదం, రోజువారీ రాజ్యం పనులు ఇక్కడే జరిగేవి అని చెప్తుంటే అదే గడ్డి మీద ఇల్లు లేచి నిలబడినట్టు అనిపించింది. ఆ తర్వాత పక్కన ఉన్న గోడ దగ్గరికి తీసుకెళ్ళి ఇటుకల్లో గుంటల మీద నా వేలు పెట్టించింది. బుల్లెట్లు తగిలిన గుంటలు. బొటనవేలు సరిగ్గా పట్టింది, లోపల ఇటుక ఇంకా ఎర్రగానే ఉంది, బయట మాత్రం నల్లగా పాచి పట్టేసింది. ఆ గోడ పక్కనుంచే నేను మొదటిసారి ఫొటోలు దిగుతూ వెళ్ళిపోయాను.

అందుకే చెప్తున్నా, డనాంగ్ దగ్గరున్న పాత ఊరు హోయాన్‌లో గైడ్ లేకపోయినా ఊరు దానంతటదే అర్థమవుతుంది, హ్వేలో మాత్రం ఉన్నదానికంటే పోయిందే ఎక్కువ, ఆ పోయింది చూపించడానికి మనిషి కావాలి.

గ్రూప్ టూర్ మంచిదా, ప్రైవేటా?

నలుగురు ఉంటే ప్రైవేట్ తీసుకోండి, తలా కాస్త పడుతుంది అంతే. ఒంటరిగా వెళ్తే గ్రూప్ పర్వాలేదు, కాకపోతే పదిహేను మందికి మించకుండా చూసుకోండి. మేం మొదట వెళ్ళిన టూర్‌లో బస్సు నిండా జనం, రెండు షాపుల దగ్గర ఆపి ఒక్కో దగ్గర అరగంట కూర్చోబెట్టారు, ఆ గంట కోటలో ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది. బుక్ చేసేటప్పుడే మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: కోట లోపల ఎంతసేపు, షాపింగ్ స్టాపులు ఉన్నాయా, టికెట్లు రేటులో కలిపారా లేదా. తక్కువ రేటు చూపించే టూర్లలో చాలావరకు ఎంట్రీ టికెట్లు మనమే కొనుక్కోవాలి, అక్కడికెళ్ళాక పర్సు తీయమంటే కోపం వస్తుంది.

ఒకరోజు టూర్‌లో ఏమేం చూపిస్తారు?

మామూలుగా పొద్దున ఎనిమిదికి హోటల్ దగ్గర ఎక్కించుకుంటారు. రాజనగరం, థియన్ మూ పగోడా, మధ్యాహ్నం భోజనం, తర్వాత రెండో మూడో రాజుల సమాధులు, సువాసనల నది మీద డ్రాగన్ తల ఉన్న పడవలో కాసేపు షికారు. హాఫ్ డే అయితే కోట, పగోడా, ఒక సమాధి. నన్నడిగితే హాఫ్ డే నిదానంగా చేసుకోవడమే మేలు.

రాజనగరంలో మూడు చోట్ల తొందరపడొద్దు. మొదటిది న్గోమోన్ ద్వారం, 1833లో కట్టింది. అయిదు దారులుంటాయి, నడిమిది రాజుకే, ఆ పక్కవి మంత్రులకీ అధికారులకీ, చివరి రెండూ సైనికులకీ ఏనుగులకీ గుర్రాలకీ. 1945 ఆగస్టు 30న చివరి రాజు బావో దాయ్ ఈ ద్వారం పైనే నిలబడి రాజముద్ర, కత్తి అప్పగించి గద్దె దిగాడు. రెండోది థాయ్ హోవా ప్రాసాదం, ఎర్ర లక్క స్తంభాల మీద బంగారు డ్రాగన్లు చుట్టుకుని ఉంటాయి, చాలా ఏళ్ళు రిపేరు చేసి 2024 నవంబర్‌లో మళ్ళీ తెరిచారు. 2025 మేలో ఒకతను లోపలికి దూరి సింహాసనం చేతిపిడి విరిచేశాడు, కాబట్టి తాడు దాటకండి, గార్డు ఏమన్నా అంటే బాధపడకండి, వాళ్ళ బాధ వాళ్ళది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైంది, తొమ్మిది కంచు కలశాలు. రాజుల పూజామందిరం ముందు వరసగా ఉంటాయి, 1835 నుంచి 1837 మధ్య మిన్ మాంగ్ పోత పోయించాడు, ఒక్కోటీ మనిషికంటే ఎత్తు, రెండు టన్నులు అటూ ఇటూ బరువు. ఒక్కోదాని మీద పదిహేడు బొమ్మలు ఉంటాయి, దేవుళ్ళ బొమ్మలు కావు, దేశం బొమ్మలు. నదులు, కొండలు, వరి, పనసకాయ, ఏనుగు, పులి, నెమలి, పడవ, ఫిరంగి. అమ్మ పనసకాయని గుర్తుపట్టి "ఇది మనదే కదే" అని దాన్ని అలా తడుముతూ నిలబడిపోయింది, గైడ్ పక్కకి జరిపాడు, ముట్టుకోకూడదు, అది తెలీక చేసిన పని. టెక్స్ట్‌బుక్కు లాంటిదండీ అది, రాజు తన దేశంలో ఏమేం ఉన్నాయో కంచులో రాయించి పెట్టుకున్నాడు. నడిమి కలశం ఒక్కటే మిగతావాటికంటే ముందుకి జరిపి ఉంటుంది, అది వంశకర్త గియాలాంగ్‌ది.

థియన్ మూ పగోడాలో ఆ పాత కారు ఏంటి?

చాలామంది ఏడంతస్తుల గోపురం దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. గోపురం 1844లో కట్టింది, ఎనిమిది పలకలు, 21 మీటర్లు, నది వైపు నుంచి చూస్తే చాలా అందంగా ఉంటుంది. కానీ వెనక్కి వెళ్ళండి. అక్కడ లేత నీలం ఆస్టిన్ కారు ఒకటి ఉంటుంది. 1963 జూన్ 11న థిచ్ క్వాంగ్ దుక్ అనే బౌద్ధ సన్యాసి ఆ కారులో సైగాన్‌లో ఒక చౌరస్తాకి వెళ్ళి, బౌద్ధుల్ని అణచివేస్తున్న ప్రభుత్వానికి నిరసనగా పద్మాసనం వేసుకుని తనని తాను దహనం చేసుకున్నాడు. దాని పక్కనే ఆనాటి ఫొటో పెట్టారు. పిల్లలు పక్కనుంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి, నేను మాత్రం అక్కడ ఒక నిమిషం మాట్లాడలేకపోయాను. పగోడాకి టికెట్ లేదు.

సమాధులు ఎందుకు చూడాలి? శుభమా అని మా అత్తయ్య అడుగుతున్నారు.

అవి మన శ్మశానాల్లాంటివి కావు, చెరువులు, పైన్ చెట్లు, మండపాలు ఉండే పెద్ద తోటలు. తు దుక్ రాజు అయితే బతికుండగానే తన సమాధి కట్టించుకుని అక్కడే నివాసం ఉండేవాడు, చెరువు మీది మండపంలో కూర్చుని కవిత్వం రాసుకునేవాడు. ఆయనకి పిల్లల్లేరు, అందుకే కొడుకు రాయాల్సిన శిలాశాసనం తన గురించి తనే రాసుకున్నాడు, దాదాపు 20 టన్నుల రాయి, తన తప్పులు కూడా అందులో ఒప్పుకున్నాడు. ఇంత చేసీ ఆయన అసలు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదంటారు. ఆ కట్టడాలకి చాకిరీ చేసిన కూలీలు 1866లో తిరగబడ్డారు కూడా, ఆ సంగతి గైడ్ చెప్పకపోతే మీరే అడగండి.

ఖాయ్ దిన్ సమాధి పూర్తిగా వేరు, కాంక్రీటు, 1920 నుంచి 1931 దాకా కట్టారు, రాజు 1925లోనే పోయాడు. బయట నల్లగా కోటలా ఉంటుంది, లోపలికెళ్తే గోడలన్నీ పింగాణీ ముక్కలు, రంగు గాజు ముక్కలతో చేసిన పువ్వులు. దగ్గరికెళ్ళి చూడండి, కప్పులు, పళ్ళేలు పగలగొట్టిన ముక్కలు, సీసాల గాజు, వాటితోనే రేకు రేకు పేర్చి చామంతి చేశారు, ఒక్కో రేకు వేలిగోరంత కూడా ఉండదు. దీనికోసం పన్నులు పెంచాడని జనానికి ఆయన మీద కోపం, ఆ కోపం ఇప్పటికీ గైడ్ గొంతులో వినిపిస్తుంది. మిన్ మాంగ్‌ది ఊరికి పన్నెండు కిలోమీటర్లు, నాకు అన్నిటికంటే ప్రశాంతంగా అనిపించింది అదే.

ఒక్కటే చూసే టైం ఉంటే తు దుక్. రెండైతే తు దుక్, ఖాయ్ దిన్. మూడూ ఒకే రోజు వద్దు, మూడోదానికి కళ్ళు పనిచేయవు.

టికెట్లు ఎంత?

మేం రెండోసారి వెళ్ళినప్పుడు రాజనగరం 2,00,000 డాంగ్, ఈ మూడు సమాధులూ ఒక్కోటి 1,50,000. కోటతో పాటు రెండు సమాధులు కలిపి కాంబో 4,20,000, మూడు కలిపితే 5,30,000. మన రూపాయికి సుమారు మూడు వందల డాంగ్ అనుకుంటే లెక్క తేలిక. పిల్లలకి తగ్గింపు ఉంది. వెళ్ళేముందు ఒకసారి రేట్లు చూసుకోండి, మారుతుంటాయి. ఈ-వీసా కూడా వియత్నాం ప్రభుత్వ సైట్‌లోనే నేరుగా అప్లై చేసుకోండి, మధ్యలో ఎవరికీ ఎక్స్‌ట్రా కట్టక్కర్లేదు.

అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు, తిరగగలరా?

రాజనగరం చదునుగానే ఉంటుంది, కానీ నడక చాలా ఎక్కువ, బ్యాటరీ బండ్లు దొరుకుతాయి, మొహమాటపడకుండా ఎక్కించండి. ఖాయ్ దిన్ సమాధికి 127 మెట్లు, అమ్మ కింద టీ కొట్టు దగ్గర కూర్చుండిపోయింది, ఆ కొట్టావిడ విసనకర్ర ఇచ్చి పక్కన కూర్చుంది, భాష రాకుండానే ఇద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. ఊళ్ళో సైక్లో అని మూడు చక్రాల బండి ఉంటుంది, మనిషి వెనక తొక్కుతాడు, మనం ముందు కూర్చోవాలి. కోట గోడల లోపల జనం ఇప్పటికీ కాపురాలున్న వీధుల్లో దాంట్లో తిరిగితే పెద్దవాళ్ళకి హాయిగా ఉంటుంది. ఎక్కేముందే రేటు ఎంత, ఎంతసేపు, బండికా మనిషికా అన్నీ మాట్లాడేసుకోండి.

వెజిటేరియన్ దొరుకుతుందా?

వియత్నాం మొత్తంలో మనకి తిండి బాగా కుదిరే ఊరు ఇదేనండీ. బౌద్ధం బలంగా ఉన్న ఊరు కాబట్టి పౌర్ణమికి, వాళ్ళ చాంద్రమాన నెల మొదటి రోజుకి చాలా ఇళ్ళలో మాంసం ముట్టరు, శాకాహార హోటళ్ళు వీధివీధికీ ఉంటాయి. బోర్డు మీద సీ హెచ్ ఏ వై అని నాలుగు అక్షరాలు చూడండి, పలకడం మన చాయ్ లాగే, అర్థం మాత్రం శాకాహారం. "తోయ్ ఆన్ చాయ్" అంటే నేను శాకాహారిని అని. మామూలు హోటల్లో కూరగాయలు అడిగినా చేపల సాస్ వేసేస్తారు, "నుక్ మామ్ వద్దు" అని గైడ్‌తో చెప్పించండి.

నాన్‌వెజ్ తినేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఊరంతా ఫేమస్ అయిన బున్ బో హ్వే అనే నూడుల్స్ సూప్‌లో "బో" అంటే గొడ్డు మాంసం, పంది కూడా వేస్తారు. కోడి అయితే "గా", పంది అయితే "హెయో". బాన్ బెయో అని చిన్న చిన్న గిన్నెల్లో ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి వంటకం ఉంటుంది, మామూలుగా పైన ఎండు రొయ్యల పొడి చల్లుతారు, చాయ్ హోటల్లో అది లేకుండా ఇస్తారు, అమ్మ "మన ఇడ్లీకి చెల్లెలు" అంది. ఉప్పు కాఫీ పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, తప్పకుండా తాగండి.

ఏ నెలలో వెళ్ళాలి? ఏం వేసుకోవాలి?

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్. మే నుంచి ఆగస్టు దాకా ఎండ మన రెంటచింతలలా మాడ్చేస్తుంది. అక్టోబర్, నవంబర్ మాత్రం వద్దు, నది పొంగి ఊళ్ళోకి వస్తుంది. బట్టలు భుజాలు, మోకాళ్ళు కప్పేలా ఉండాలి, పూజామందిరాల దగ్గర అడుగుతారు.

హిందూ గుళ్ళు కూడా అదే టూర్‌లో చూడొచ్చా?

చూడలేరు, ఒకప్పటి హిందూ రాజ్యం చంపా వాళ్ళ మై సన్ శివాలయాలు డనాంగ్‌కి ఇంకో వైపు, హోయాన్ నుంచి 40 కిలోమీటర్లు, దానికి వేరే రోజు కావాలి. సంబంధం మాత్రం ఉంది. హ్వే ఉన్న నేల ఒకప్పుడు చంపాదే, 1306లో వియత్నాం రాజకుమారి హుయెన్ చాన్‌ని చంపా రాజు జయసింహవర్మకి ఇచ్చి పెళ్ళి చేసినప్పుడు ఆయన ఓలిగా, అంటే కన్యాశుల్కంగా, తనవైన రెండు మండలాలు అత్తవారికి ఇచ్చేశాడు, అలా ఇది చేతులు మారింది. ఇంకో మాట, మై సన్ ఉన్న ప్రాంతాన్ని చంపా వాళ్ళు అమరావతి అని పిలుచుకునేవాళ్ళు. మన కృష్ణ ఒడ్డు పేరు అక్కడ వినగానే ఒళ్ళు జలదరించింది. మై సన్‌కి వెళ్ళే టైం లేకపోతే డనాంగ్‌లో చంపా శిల్పాలుండే చాం మ్యూజియంకి రెండు గంటలు ఇవ్వండి.

గైడ్‌ని ఏం అడగాలి? అన్నీ వాళ్ళే చెప్తారు కదా?

తేదీలు, రాజుల పేర్లు వాళ్ళే చెప్తారు. మీరు "మీ ఇంట్లో వాళ్ళు ఇక్కడి వాళ్ళేనా" అని అడగండి, మర్యాదగా, చెప్పడం ఇష్టం లేకపోతే వదిలేయండి. మా గైడ్ అమ్మాయిని అలా అడిగితే కోట గోడ నీడలో కూర్చుని చెప్పింది. వాళ్ళ వీధిలో చాలా ఇళ్ళలో తద్దినాలు ఒకే వారంలో వస్తాయట, కొత్త సంవత్సరం టెట్ పండగ వెళ్ళగానే, 1968లో పోయినవాళ్ళవి. ఇంకోటి కూడా ఉంది, వాళ్ళ లెక్కలో అయిదో నెల 23వ రోజు. 1885లో ఫ్రెంచి వాళ్ళకి ఊరు చిక్కిన రాత్రి తొక్కిసలాటలో, నీళ్ళల్లో, కాల్పుల్లో పోయినవాళ్ళ కోసం ఆ రోజు ఇళ్ళ ముందు ఫుట్‌పాత్ మీద బల్లలు వేసి జావ, పళ్ళు, అగరొత్తులు పెడతారు. సొంత చుట్టాలే అక్కర్లేదు, దిక్కులేని వాళ్ళందరికీ. పక్కన ఒక కుండలో నీళ్ళు పెట్టి చిన్న మంట కూడా వేస్తారట, దాహంతో పోయినవాళ్ళకి నీళ్ళు, నీళ్ళలో పడి వణికిపోయినవాళ్ళు చలి కాచుకోడానికి మంట.

"ఇప్పటికీనా?" అని అడిగాను. వాళ్ళ అమ్మ ఈ ఏడు కూడా పెట్టిందట.